లెక్కల పుస్తకంలో మిరప మంట

ఉదయం ఎనిమిదీ ఇరవైకి వేమవరం శాఖా గ్రంథాలయంలో పెద్ద కేక వినిపించింది.

ఆ గదిలో కేకలు నిషిద్ధం. గోడకి వేలాడుతున్న నల్లబోర్డు మీద తెల్లరంగుతో రాసిన పదకొండు నిబంధనల్లో మొట్టమొదటిదే అది: నిశ్శబ్దము పాటింపవలెను. సరిగ్గా ఆ అక్షరాల కింద, రోజూ కూర్చునే కుర్చీలోనే, రిటైర్డ్ లెక్కల మాస్టారు రాధాకృష్ణమూర్తి గారు నాలుక బయటపెట్టి రెండు చేతులతో విసురుకుంటున్నారు.

గ్రంథపాలకుడు గురునాథం తన బల్ల చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందండీ మాస్టారూ?"

మాస్టారు జవాబు చెప్పే స్థితిలో లేరు. కళ్ళు ఎర్రగా అయ్యాయి. ముక్కు కారుతోంది. అటెండరు పేరయ్య కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు పోసిచ్చాడు. గటగటా తాగారు. మంట తగ్గకపోగా రెట్టింపైంది.

"నీళ్ళు కాదయ్యా! పంచదార తెచ్చిపెట్టండి. మిరప మంటకి నీళ్ళు పోస్తే ఇంకా ఎగదన్నుద్ది," అన్నాడు పేపరు చాటునుంచి అంకమ్మరావు. అయిదెకరాల మిరపతోట రైతు. తోటకి వెళ్ళే ముందు రోజూ అరగంట పేపరు చూసి పోతాడు.

పేరయ్య ఎదురుగా ఉన్న హోటల్నుంచి పంచదార పొట్లం తెచ్చాడు. రెండు చెంచాలు నోట్లో పోసుకున్నాక మాస్టారికి మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట అంకమ్మరావు మీదికే వెళ్ళింది.

"మిరప అని నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేందండీ? ఆ కళ్ళూ, ఆ ముక్కూ చూస్తే తెలవదా? పుట్టినకాడి నించీ చూస్తన్నా."

"నేను పుస్తకం తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఆ పుస్తకానికి ఎవరో కారం పూశారు. కావాలనే పూశారు."

పక్కబల్ల దగ్గర సైకిల్ షాపు మొహిద్దీన్ బాషా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నిన్ననే అతనికీ మాస్టారికీ పేపరు మధ్య షీటు కోసం గొడవ అయింది. మాస్టారి చూపు అటు తిరిగింది.

"నేనా సార్? ఖుదా సాక్షిగా నాకు గ్రీజు తప్ప వేరే ఏమీ అంటదు. చూడండి చేతులు!" బాషా రెండు చేతులూ చాపాడు.

"ఆ చేతుల్తో పేపరు పట్టుకున్నావా?" అన్నాడు గురునాథం. బాషా చేతులు వెనక్కి దాచుకున్నాడు.

మాస్టారు లేచారు. నేరుగా గురునాథం బల్ల దగ్గరికి వెళ్ళి సలహాలు, ఫిర్యాదుల పుస్తకం తెరిచారు. జేబులోంచి పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో రాశారు: ఈ దినము ఉదయము పఠన మందిరములో పుస్తకమునందలి కారము నా నాలుకకు తగిలి తీవ్రమైన బాధ కలిగినది. బాధ్యులను గుర్తించి పదకొండవ నిబంధన ననుసరించి ప్రవేశము రద్దు చేయవలెను.

సంతకం పెట్టి పెన్ను మూశారు.

"ఒరేయ్ గురునాథం. సాయంత్రం ఆరింటికి వస్తాను. అప్పటికి మనిషి తేలాలి. బోర్డు మీద పన్నెండో నిబంధన కూడా రాయించు. మిరప పని చేసేవాళ్ళు ఆ పని ఉన్నన్నాళ్ళూ లోపలికి రాకూడదు."

"మార్చి నెలలోనా సార్?" అన్నాడు బాషా. "అట్టయితే ఇక్కడ మీరూ, గోడమీద బల్లీ మిగుల్తారు."

"మా కాయ మీ నాలిక్కి తగిలితే ఇంత మంట గదండీ," అంకమ్మరావు పేపరు మడతపెట్టి లేచాడు. "గుంటూరు మిర్చి యార్డులో ధర కట్టే షావుకారికి మాత్రం చప్పగా ఉంటది. ఆయన నాలిక్కూడా ఓసారి రాయాల."

మాస్టారు నవ్వలేదు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

* * *

పదకొండింటికి గ్రంథాలయం మూసే వేళయింది. మళ్ళీ తెరిచేది సాయంత్రం నాలుక్కి. తలుపులు వేశాక గురునాథం, పొద్దున మాస్టారు కూర్చున్న చోట కూర్చుని, ఆయన ముందున్నవన్నీ వరసగా పెట్టాడు. రెండు దినపత్రికలు, ఒక వారపత్రిక, పదో తరగతి లెక్కల పుస్తకం.

మొదటి పేపరు మీద వేలు రుద్ది నాలుకకి పెట్టుకున్నాడు. సిరా రుచి. రెండోదీ అంతే. వారపత్రికలో మూడు చోట్ల రుద్ది చూశాడు. ఏమీ లేదు.

"ఇంట్లో టిఫిన్ పెట్టలేదా సార్?" అన్నాడు కిటికీలు మూస్తున్న పేరయ్య.

"నోరు మూసుకుని పని చూడు."

లెక్కల పుస్తకం తీశాడు. మాస్టారికి ఈ పుస్తకంతో రెండు నెలలుగా పని. కొత్త ముద్రణలో అచ్చుతప్పులు ఏరుతున్నారు. రోజుకి నాలుగు పుటలు, తన నోటుబుక్కులో రాసుకుని, పది రోజులకోసారి హైదరాబాదుకి ఉత్తరం పంపుతారు. గురునాథం మొదటి పాఠం మీద వేలు రుద్దాడు. ఏమీ లేదు. అయిదో పాఠం. ఏమీ లేదు. తొమ్మిదో పాఠం, వయసుల లెక్కలు. కుడివైపు పుట కింద మూల.

నాలుక మీద నిప్పురవ్వ పడ్డట్టయింది.

"పేరయ్యా! పంచదార!"

మిగిలిన పంచదార నోట్లో పోసుకుని, ముందూ వెనకా పుటలు కూడా రుద్ది చూసి, కళ్ళు తుడుచుకుంటూ గురునాథం ఆలోచించాడు. మంట అయిదారు పుటల్లోనే ఉంది, అదీ మూలల్లోనే. కావాలని చల్లితే పుట మధ్యలో కూడా పడాలి. ఇది పుట తిప్పిన చేతి మంట. మాస్టారు కాక ఈ పుస్తకం తీసే మనిషి ఊరు మొత్తం మీద ఒక్కరే. ఆ పేరు తట్టగానే నాలుక మంట సంగతి మర్చిపోయాడు.

సుబ్బరావమ్మ.

సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి ఆ అమ్మాయి రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి ఎనిమిదింటి దాకా కూర్చుంటుంది. ఎనిమిదేళ్ళ కిందట పదో తరగతి లెక్కల్లో తప్పింది. తర్వాత పెళ్ళి, ఒక పాప. ఇప్పుడు ఒక్క లెక్కల పరీక్షకి ప్రైవేటుగా ఫీజు కట్టింది. అది పాసైతే ఒంగోల్లో నర్సమ్మ ట్రైనింగుకి అర్జీ పెట్టుకోవచ్చు. వయసు హద్దు ఈ ఏడాదితో సరి. కొత్త పుస్తకం కొట్లలో ఎక్కడా దొరకలేదు. ఆమెకి అందే ఒకే ఒక్క ప్రతి ఈ గ్రంథాలయంలో ఉంది. దానిమీద 'ఇక్కడే చదువవలెను' అని ముద్ర ఉంది. బయటికి ఇవ్వడానికి ఆరో నిబంధన ఒప్పుకోదు.

పరీక్షకి ఇంకా పన్నెండు రోజులు.

"పన్నెండోది ఎట్టా రాయమంటారు సార్?" పేరయ్య రంగుడబ్బా, కుంచె తీసుకొచ్చి నిలబడ్డాడు. బోర్డు రాసేది అతనే.

"ఆగు. నేను వచ్చేదాకా డబ్బా మూత తీయకు."

* * *

ఊరి చివర మిరప కళ్ళంలో ఎకరం మేర ఎర్రగా ఉంది. మధ్యలో తాటాకు పందిరి. దాని కింద పాతికమంది ఆడవాళ్ళు ముక్కూ నోరూ గుడ్డలతో కట్టుకుని, కుప్పల ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. తెల్లబడ్డవీ, మచ్చబడ్డవీ ఒక పక్కకి. నిగనిగలాడేవి గోతాల్లోకి.

గురునాథం పందిరి దగ్గరికి వచ్చేసరికి ఏడు తుమ్ములు తుమ్మాడు.

"లైబ్రరీ సారు వచ్చాడే! ఇక్కడ తుమ్మొచ్చా సార్, రూలేమన్నా ఉందా?" ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది.

నవ్వని మనిషి ఒక్కతే ఉంది. చివరి కుప్ప దగ్గరినుంచి లేచి, మొహాన గుడ్డ కిందికి లాక్కుంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. బక్కపల్చటి మనిషి. "నా కోసమా అండీ? పుస్తకం ఎవరన్నా తీసుకుపోయారా?"

"పుస్తకం ఉందిలేమ్మా. నువ్వు మిరప పనికి ఎప్పటినుంచి వస్తున్నావు?"

"సోమవారం నుంచండి. అంతదాకా పత్తి తీతకి పోయా. అది అయిపోయింది."

ఇవాళ బుధవారం. గురునాథం లెక్క సరిపోయింది. పొద్దున జరిగిందంతా చెప్పాడు. మాస్టారి కేక చెప్పినప్పుడు పక్కనున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. సుబ్బరావమ్మ మొహం మాత్రం పాలిపోయింది.

"కడుక్కునే వచ్చానండీ! చేతులు శుభ్రంగా ఉండాలని నాలుగోది ఉంది గదా. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగా."

"సబ్బుకి పోద్దా అది?" పక్క కుప్ప దగ్గర వెంకటరావమ్మ అందుకుంది. యాభై దాటిన మనిషి, అక్కడున్న వాళ్ళందరికీ పెద్ద. "ఆముదం పోసి రుద్దితే గానీ వదలదు సార్. పని దిగేటప్పుడు మేమందరం రాసుకుంటాం. ఇదొక్కతే రాసుకోదు. రేత్రిళ్ళు పిల్లని ఎత్తుకోదు. చేతులు రెండూ దూరంగా పెట్టుకుని పడుకుంటది. ఎందుకే అంటే చెప్పదు."

"ఎందుకమ్మా?" అన్నాడు గురునాథం.

సుబ్బరావమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"ఆముదం జిడ్డు ఎంత కడిగినా మర్నాటి దాకా పోదండి. పుస్తకానికి మరకలు పడతయ్యి. నూనె మరకలు చేయరాదని అయిదోది ఉంది గదండీ."

గురునాథం ఆ బోర్డు కింద పన్నెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. అయిదో నిబంధన పూర్తిగా చదివిన మనిషిని చూడ్డం ఇదే మొదటిసారి.

"పెద్దాయనకి చాలా మంట పుట్టిందా అండీ?"

"పంచదారతో తగ్గిందిలే."

"నేను ఇంక రానండి." గొంతులో ఏడుపు లేదు. అప్పటికే తేల్చేసుకున్న మనిషిలా అంది. "పని మానితే ఇంట్లో గడవదు. పని చేస్తూ వస్తే ఇంకెవరికో తగులుద్ది. చిన్నపిల్లలు కూడా వస్తారక్కడికి. వచ్చినకాడికి చదివాలెండి."

"ఎంతవరకు అయింది?"

"తొమ్మిదో పాఠంలో ఇరుక్కున్నా. ఇంకా నాలుగున్నయ్యి."

"ఇరుక్కుంటే ఇరుక్కుంది గానీ," అంది వెంకటరావమ్మ, "నర్సమ్మవైతే మా అందరికీ ఊరికే సూదులేస్తానంది సార్ ఇది. ఆ సంగతేందో చూడండి. మేం నమ్ముకుని కూచున్నాం."

గురునాథం మళ్ళీ తుమ్మాడు. "సాయంత్రం ఆరింటికి గ్రంథాలయానికి రా. లోపలికి రాకపోయినా గుమ్మం దాకా రా," అని చెప్పి వెనక్కి తిరిగాడు.

దారంతా ఫిర్యాదులోని వాక్యమే అతని బుర్రలో తిరిగింది. 'పుస్తకమునందలి కారము నా నాలుకకు తగిలి.' ఊరి దాకా వచ్చాక టక్కున ఆగాడు.

పుస్తకంలోని కారం నాలుక దాకా ఎలా వెళ్ళింది?

దారి దొరికింది. దొరికాక మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఆయన దగ్గర మూడేళ్ళు లెక్కలు చెప్పించుకున్నాడు. ఇవాళ ఆయన్నే ఇరికించాలి.

* * *

సరిగ్గా ఆరింటికి మాస్టారు వచ్చారు. గొడుగు మూలన పెట్టి కుర్చీలో కూర్చున్నారు. బోర్డు వైపు చూశారు. పదకొండే ఉన్నాయి.

"మనిషి తేలాడా?"

"తేలిందండి."

"ఎవరు?"

"చెప్తానండి. ముందు ఫిర్యాదు పూర్తి చేయాలి." గురునాథం ఫిర్యాదుల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాడు. "ఒంగోలు నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు ఇది చదువుతారు. కారం నాలుకకి తగిలిందని రాశారు. పుస్తకం నుంచి నాలుక దాకా ఎలా వచ్చిందో రాయలేదు."

"ఎలా వస్తుందిరా? వేలికి అంటుకుని వచ్చింది."

"అదే రాయండి. వేలు నాలుకకి ఎందుకు వెళ్ళిందో కూడా ఒక్క వాక్యం."

మాస్టారు పెన్ను తీశారు. 'నేను పుటను త్రిప్పుటకై' దాకా రాశారు. పెన్ను ఆగిపోయింది.

కళ్ళెత్తి బోర్డు చూశారు. ఏడో నిబంధన: వ్రేలిని ఉమ్మితో తడిపి పుటలు త్రిప్పరాదు.

పక్కబల్ల దగ్గర బాషా పేపరు మొహానికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. పేపరు ఊగుతోంది.

"బాషా, నవ్వితే మొదటి నిబంధన కింద బయటికి పంపిస్తా," అన్నాడు గురునాథం.

"చదువుతున్నా సార్. ధరల పట్టిక. చాలా విచారంగా ఉంది."

మాస్టారు పెన్ను బల్లమీద పెట్టారు. కోపం వస్తుందనుకున్నాడు గురునాథం. రాలేదు. ఆయన కుడిచేతి చూపుడువేలు పైకెత్తి దానివైపే చూస్తూ ఉండిపోయారు.

"ముప్ఫయ్యేడేళ్ళు పేపర్లు దిద్దానురా. ఏడాదికి మూడు పరీక్షలు, క్లాసుకి యాభైమంది. ఒక్కొక్క పుటా ఈ వేలితోనే తిప్పాను. ఆ బోర్డు పెట్టినప్పుడు భాష చూసిపెట్టమని మీవాళ్ళు నా దగ్గరికే తెచ్చారు. ఏడోది నేను రాసిందే. నా గురించి రాస్తున్నానని తోచలేదు."

"అలవాటండీ. తప్పని అననండి."

"నువ్వు అనలేదులే. నాచేత రాయిస్తున్నావు." మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అయితే మాత్రం? కారం చేతుల్తో పుస్తకం ముట్టుకోవడం ఒప్పయిపోతుందా? ఎవరు వాడు?"

"వాడు కాదండి. అమ్మాయి." గురునాథం కళ్ళంలో విన్నదంతా చెప్పాడు. రెండుసార్లు సబ్బు, రాసుకోని ఆముదం, రాత్రిళ్ళు ఎత్తుకోని పాప. అంతా విన్నాక మాస్టారు ఫిర్యాదుల పుస్తకం పక్కకి జరిపారు.

"మంచి పిల్లే. కాదనను. కానీ రేపు ఇంకొకడు వస్తాడు. వాడూ మంచివాడే అంటావు. పని రోజులు అయ్యేదాకా ఆగమను. వేసవి తర్వాత ఎంతైనా చదువుకోవచ్చు."

"పరీక్ష పన్నెండు రోజుల్లో ఉందండి."

గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు.

సుబ్బరావమ్మ. చీర మార్చుకుని వచ్చింది. చేతిలో అట్ట చిరిగిన నోటుబుక్కు. గడప ఇవతలికి కాలు పెట్టలేదు.

"నమస్కారమండీ. లోపలికి రానండి." ఆమె చూపు మాస్టారి మీద పడింది. ఆయనే అని తెలిసిపోయింది. "నా వల్ల మీకు బాధ కలిగింది. నాకు తెలవక జరిగిందండీ. ఇంక ఆ పుస్తకం ముట్టుకోను."

మాస్టారు తల ఊపారు.

"గురునాథం గారూ, ఒక్క సాయం చేస్తారా? పుస్తకం మీరే పట్టుకుని, తొమ్మిదో పాఠంలో పదహారో లెక్క జవాబు ఇంకోసారి చూసి చెప్పండి. నాకు తేడా వస్తంది. రెండు రోజుల నించీ అక్కడే ఉన్నా. అది తేలితే పోతా."

గురునాథం పుస్తకం తీయబోయాడు. ఈలోగా మాస్టారి గొంతు వినిపించింది. అది క్లాసు గదిలో గొంతు.

"లెక్క చదువు."

ఆమె నోటుబుక్కు తెరిచింది. "తండ్రీ కొడుకుల వయసుల మొత్తం యాభై. అయిదేళ్ళ కిందట తండ్రి వయసు కొడుకు వయసుకి నాలుగు రెట్లు. అయితే ఇప్పుడు వాళ్ళ వయసులెంత?"

"నీకెంత వచ్చింది?"

"తండ్రికి ముప్ఫయ్యేడు, కొడుక్కి పదమూడు అండి."

"పుస్తకంలో?"

"ముప్ఫయ్యెనిమిది, పన్నెండు. పదకొండు సార్లు చేశానండీ. పదకొండు సార్లూ తప్పే వచ్చింది."

"తప్పని ఎవరు చెప్పారు?"

"పుస్తకం చెప్పిందిగా అండీ."

"పుస్తకం సంగతి తర్వాత. నీ జవాబు సరిచూశావా? అయిదేళ్ళు వెనక్కి వెళ్ళు."

సుబ్బరావమ్మ గుమ్మంలోనే నిలబడి కళ్ళు మూసుకుంది. "ముప్ఫయ్యేడులో అయిదు పోతే ముప్ఫయ్యిరెండు. పదమూడులో అయిదు పోతే ఎనిమిది. నాలుగెనిమిదులు ముప్ఫయ్యిరెండు." కళ్ళు తెరిచింది. "కుదిరిందండీ!"

"ఇప్పుడు పుస్తకంది చూడు."

"ముప్ఫయ్యిమూడు. ఏడు. నాలుగేడులు ఇరవయ్యెనిమిది." నోటుబుక్కులోకి మళ్ళీ చూసింది. "కుదరలేదండి. అదేందండీ? పుస్తకంలోనే తప్పుంటదా?"

మాస్టారు అప్పటికే లేచి నిలబడ్డారు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. ఆత్రంగా తెరిచారు.

"ఉంటాయి. నలభై ఒకటి దొరికాయి ఇప్పటికి. ఆరు ఉత్తరాలు రాశాను పైకి. ఒక్కదానికి జవాబు లేదు. ముసలాడికి పనిలేదనుకుని ఉంటారు." పెన్ను మూత తీశారు. "తొమ్మిదో పాఠం, పదహారు. నేను ఇవాళ పొద్దున సరిగ్గా అక్కడికే వచ్చాను. చూసేలోపే నోరు మండింది. నాకంటే ముందు నువ్వు పట్టుకున్నావు. నలభై రెండు. నీ పేరేమిటమ్మాయ్?"

"సుబ్బరావమ్మండి."

ఆయన ఆ పేరు అచ్చుతప్పు పక్కన రాసుకున్నారు. ఆరు ఉత్తరాల్లో ఏ అచ్చుతప్పు పక్కనా తన పేరు తప్ప ఇంకొకటి లేదు. ఆ రాసుకున్న పంక్తిని రెండుసార్లు చదువుకున్నారు.

"ఈ తప్పు జవాబు నమ్మి పరీక్షలో నువ్వు సరైన పద్ధతి మార్చేసి ఉండేదానివి కదూ?"

"ఇవాళ కళ్ళంలో అదే అనుకున్నానండీ. నా పద్ధతే తప్పేమో, మానేసి ఇంకోటి పట్టుకుందామని."

మాస్టారు ఒక్కసారిగా కూర్చున్నారు. ఫిర్యాదుల పుస్తకం ముందుకు లాక్కుని, సగంలో ఆగిన వాక్యాన్ని పూర్తి చేశారు. గురునాథం భుజం మీదుగా చదివాడు: నేను పుటను త్రిప్పుటకై వ్రేలిని ఉమ్మితో తడుపుట వలన ఈ బాధ కలిగినది. ఇందు అన్యుల దోషము లేదు. కింద మళ్ళీ సంతకం, తేదీ.

"ఇప్పుడు పదకొండోది నాకూ వర్తిస్తుంది," అన్నారు. "ప్రవేశం రద్దు చేస్తావా?"

"పరీక్ష దాకా మీతో పని ఉందండి. తర్వాత ఆలోచిద్దాం."

"నాకంటే ముందు పుట్టినవాడిలా మాట్లాడకు." మాస్టారు గుమ్మం వైపు తిరిగారు. "అక్కడ నిలబడి ఏం చేస్తావమ్మాయ్, లోపలికి రా. నా ఎదురుగా కూర్చో. రేపటినుంచి శుభ్రంగా ఆముదం రాసుకునే రా. పిల్లనీ ఎత్తుకో. పుస్తకం నువ్వు ముట్టుకోవద్దు. పుటలు నేను తిప్పుతాను. నువ్వు చదువు, చెయ్యి. నాలుగు పాఠాలకి పన్నెండు రోజులు, పాఠానికి మూడేసి రోజులు. సరిపోతుంది."

సుబ్బరావమ్మ కదల్లేదు. గురునాథం వైపు చూసింది. "ఇద్దరు కలిసి చదివితే మాటలవుతయ్యి గదండీ. మొదటిది..."

"బాషా కంటే గట్టిగా మాట్లాడకపోతే చాలు," అన్నాడు గురునాథం.

"అది అన్యాయం సార్," అన్నాడు బాషా. "నేను ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నా."

ఆమె చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బల్ల అంచుకి కూడా తగలకుండా కూర్చుంది. నోటుబుక్కు మాత్రం మోకాళ్ళ మీద తెరిచిపెట్టుకుంది.

పేరయ్య రంగుడబ్బాతో తలుపు దగ్గరికి వచ్చాడు. "పన్నెండోది రాయాలా వద్దా సార్? రంగు గట్టిపడతంది."

గురునాథం మాస్టారి వైపు చూశాడు.

"ఏడోదాన్ని దిద్దు," అన్నారు మాస్టారు తల ఎత్తకుండా. "అక్షరాలు వెలిసిపోయాయి. నాకే కనపడలేదు."

పదిహేడో లెక్క పూర్తయింది. పద్దెనిమిది కూడా. ఆమె పెన్సిలు పరుగెడుతుంటే ఆయన చూస్తూ కూర్చున్నారు. ఒక్కచోట మాత్రం వేలితో గాల్లో గీత గీశారు, ఆమె చూసి దిద్దుకుంది. పంతొమ్మిదోది వెనకవైపు ఉంది.

మాస్టారు పుట అంచు పట్టుకున్నారు. పొడివేలికి అది దొరకలేదు. ఇంకోసారి గీరారు. రెండు పుటలు అతుక్కుని లేచాయి. వదిలేశారు. విసుగ్గా చెయ్యి పైకి లేపారు. ముప్ఫయ్యేడేళ్ళు వెళ్ళిన దారినే ఆ వేలు నోటివైపు వెళ్ళింది.

"మాస్టారండీ, వేలు!"

మొదటి నిబంధన కూడా మర్చిపోయి అరిచింది సుబ్బరావమ్మ. గదిలో అందరూ తల తిప్పారు. వేలు నాలుకకి అంగుళం దూరంలో ఆగింది.

మాస్టారు ఆ వేలిని చూసి, ఆమెని చూసి, మెల్లగా చెయ్యి దించారు. గురునాథం ఒక సాసరులో తడిగుడ్డ మడిచిపెట్టి ఆయన మోచేతి దగ్గర పెట్టి వెళ్ళాడు.

ఆయన వేలు దానికి అద్దుకుని పుట తిప్పారు.

"పంతొమ్మిది," అన్నారు. "చదువు."